వేగం అంకె కాదు, చక్రాలు ఎక్కడ తాకాయో రాయండి

సంపాదకులకు నమస్కారం.

శంషాబాద్‌లో ఒక విమానం ‘గంటకు 265 కిలోమీటర్ల భయంకర వేగంతో’ దిగిందని, ప్రయాణికులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారని మీ సిటీ ఎడిషన్‌లో చదివాను. ఎవరో ఫోన్‌లో యాప్ చూసి చెప్పిన అంకెట. విమానాల చక్రాలు, బ్రేకుల పనిలోనే ఉండి రిటైరైనవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

పెద్ద ప్యాసింజర్ విమానాలు రోజూ దిగేదే దాదాపు 240 నుంచి 280 మధ్య. అంతకన్నా బాగా తగ్గితే రెక్కలు బరువు మోయలేవు. అందుకే పడిపోకుండా నిలిచే కనీస వేగానికి దాదాపు పావు వంతు కలుపుకుని వస్తారు. పైగా యాప్ చూపించేది నేలతో పోల్చిన వేగం, రెక్కలకు తగిలే గాలితో పోల్చింది కాదు. శంషాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది, గాలి కాస్త పలచన, కాబట్టి అదే బరువు మోయాలంటే రెక్కలకు ఇంకాస్త వేగం కావాలి. అదే విమానం అదే బరువుతో విశాఖలో దిగినప్పటికంటే ఇక్కడ ఏడెనిమిది కిలోమీటర్లు ఎక్కువే చూపిస్తుంది.

విమానం ఎంత పెద్దదైతే అంత వేగంగా దిగుతుందనుకుంటారు కొందరు. 390 టన్నుల దాకా బరువుతో దిగే ఎయిర్‌బస్ ఎ380 వేగం 260 దరిదాపుల్లోనే. నిండుగా వచ్చే 65 టన్నుల బోయింగ్ 737-800 దానికంటే ఓ పిసరు ఎక్కువే. ఎ380 రెక్కల వైశాల్యం 845 చదరపు మీటర్లు మరి!

ఆ వేగమంతా చివరికి మా బ్రేకుల మీదే పడుతుంది. వేగం పదో వంతు పెరిగితే అణచాల్సిన శక్తి ఐదో వంతు పెరుగుతుంది. బ్రేకు మరీ కాగితే చక్రంలోని ఫ్యూజ్ ప్లగ్ కరిగి, టైరు పేలకముందే లోపలి నైట్రోజన్‌ను వదిలేస్తుంది. కాగిన చక్రం దగ్గరికి ముందునుంచో వెనకనుంచో వెళ్లాలి తప్ప పక్కనుంచి పోనివ్వరు.

అసలు అడగాల్సింది వేరే. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో వానలో, వెనకగాలితో దిగిన విమానం చక్రాలు 2,700 మీటర్ల రన్‌వేలో సగం దాటాకే నేలను తాకాయి. 21 మంది పోయారు. 2010లో మంగళూరులోనూ అలాగే ఆలస్యంగా తాకాయి, 158 మంది పోయారు. కాబట్టి మీ విలేకరులు గాలి ఎటునుంచి వీచింది, రన్‌వే తడిగా ఉందా, చక్రాలు ఎక్కడ తాకాయి అని కనుక్కోవాలి.

అదే వార్తలో ‘ధబేల్‌మని పడేశాడు’ అని పైలట్‌ను తప్పుపట్టారు. ఆ రోజు వాన పడుతోందని మీరే రాశారు. తడి రన్‌వే మీద మెత్తగా దించాలని తేలుతూ పోతే ముందున్న రన్‌వే తరిగిపోతుంది, టైర్లకు పట్టు దొరకదు. గట్టిగా తాకించడమే అక్కడ సరైన పని. ఆ పైలట్‌ను తిట్టిన వాక్యం వరకైనా సవరణ వేయండి.

- విమాన మెయింటెనెన్స్ రిటైర్డ్ ఉద్యోగి, మల్కాజిగిరి, హైదరాబాద్