సంక్రాంతి ముందు శీనుకి

విజయవాడ
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్‌లో నువ్వడిగినప్పుడు పక్కన ఆఫీసు వాళ్ళున్నారు, సరిగ్గా మాట్లాడలేకపోయాను. "ఇంక జన్మలో అరిసె తినలేనా?" అన్నావు చూడు, ఆ గొంతు విన్నాక నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. అందుకే కూర్చుని తీరిగ్గా రాస్తున్నా. తింటావురా. ఈ సంక్రాంతికి మాత్రం కాదు.

బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక నువ్వింకా మెత్తటి తిండి దశలోనే ఉన్నావు. లోపల కుట్లు మానాలి. అరిసె అంటే బెల్లం పాకం, నూనె, పైగా సాగుతుంది. అది ఈ నెలలో నీ పొట్టలోకి వెళ్ళాల్సిన వస్తువు కాదు. డైటీషియన్ రాసిచ్చిన కాగితంలో ఏ వారానికి ఏముందో అదే నీకు శాసనం. నా మాట కూడా దాని తర్వాతే. ఎందుకంటే ఇద్దరివీ బరువు తగ్గే ఆపరేషన్లే అయినా నాది స్లీవ్, నీది పొట్టకి చేసే బైపాస్. నాకు సరిపడింది నీకు సరిపడుతుందని లేదు.

స్లీవ్ అంటే, నాకు పొట్టలో ముప్పాతిక భాగం తీసేశారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా ఊరేది ఆ తీసేసిన చోటే. అందుకే మొదటి నెలల్లో నాకు అన్నం వేళ అయిందని ఎవరో గుర్తు చెయ్యాల్సి వచ్చేది. కానీ తీపి మీద మనసు మాత్రం ఎటూ పోలేదు. ఆకలి వేరు, తీపి మీద యావ వేరు అని నాకు అప్పుడే తెలిసింది. డాక్టర్లు ఆపరేషన్ చేసేది పొట్టకే. నలభై ఏళ్ళుగా ప్రతి మంచి కబురుకీ నోరు తీపి చేసుకున్న అలవాటు అలాగే ఉంటుంది. కాబట్టి నీకు మనసు లాగుతోందంటే ఆపరేషన్ ఫెయిలయిందనో, నీకు పట్టుదల లేదనో అనుకోకు.

బైపాస్‌లో పొట్టను చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకి కలుపుతారు కదా. దాంతో తీపి పొట్టలో ఆగదు, ఒక్కసారిగా పేగులోకి దిగిపోతుంది. మా పిన్ని కూతురికి అయింది కూడా బైపాసే. బ్రాడీపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాం. పొద్దుట్నించి ఏమీ తినని మనిషికి ఎవరో బలవంతంగా సేమ్యా పాయసం గ్లాసు చేతిలో పెట్టి తాగించారు. పావుగంట కాలేదు, ముఖం పాలిపోయింది. జాకెట్టు తడిసిపోయేంత చెమట, గుండె దడ, కడుపులో మెలిపెట్టడం. పెళ్ళికూతురి గదిలో పడుకోబెట్టాం. పెద్దవాళ్ళు గుండెపోటనుకుని కారు తియ్యమన్నారు. కాసేపటికి కుదుటపడింది. హమ్మయ్య అనుకున్నామో లేదో, ఇంకో గంటకి చేతులు వణకడం, కళ్ళు తిరగడం. ఈసారి షుగర్ పడిపోయింది. తీపి అంత వేగంగా రక్తంలో కలిసేసరికి ఇన్సులిన్ అవసరానికి మించి ఊరుతుంది, దాంతో షుగర్ కిందికి జారిపోతుంది. మొదట వచ్చినదాన్ని డంపింగ్ అంటారు, తర్వాత వచ్చినదాన్ని లేట్ డంపింగ్ అంటారు. మీ ఇంట్లో చెల్లెమ్మకి కూడా ఈ రెండు సంగతులూ చెప్పి ఉంచు. ఎప్పుడైనా అలా అయితే కంగారు పడకుండా గ్లూకోమీటర్‌తో షుగర్ చూసి డాక్టరుకి ఫోన్ చేస్తుంది.

స్లీవ్ వాళ్ళకి డంపింగ్ కొంచెం తక్కువ. వినడానికి అదృష్టంలా ఉంటుంది గానీ, నా పొట్ట నన్ను ఆపదు, నేనే ఆగాలి. ఏ రకం ఆపరేషన్ అయినా రెండో ఏడాదికి ఆకలి మెల్లగా తిరిగొస్తుంది. అప్పటికి మనం ఏం అలవాటు చేసుకున్నామన్నదే లెక్క. నీకు ఆకలి లేని ఈ నెలలు బంగారం లాంటివి. ఇప్పుడు నేర్చుకున్నదే తర్వాత నిలబెడుతుంది.

ఇక అసలు సంగతి. నువ్వు అరిసెల గురించి బాధపడుతున్నావు. నాకు నీ టీ గురించి భయం! బెజవాడలో అయినా గుంటూరులో అయినా మనం తాగే టీ ఎలా ఉంటుందో నీకు తెలుసు. కప్పుకి రెండు చెంచాల పంచదార అంటే దాదాపు 10 గ్రాములు. రోజుకి ఐదు టీలు తాగితే 50 గ్రాములు, 200 కేలరీలు. ఇప్పుడు నీ రోజంతటి తిండే వెయ్యి కేలరీలు దాటదు. అందులో ఐదో వంతు టీకి పోతే పప్పుకీ గుడ్డుకీ చోటెక్కడుంది? అరిసెలు ఏడాదికోసారి వస్తాయి. టీ రోజూ వస్తుంది. పైగా అది పానీయం. ద్రవంగా ఉన్న తీపికి చిన్న పొట్ట అడ్డు రాదు, జారిపోతుంది. ఒక ఇడ్లీ తినడానికి అరగంట పట్టే మనిషి కూడా బాదం పాలు గ్లాసుడు నిమిషంలో తాగెయ్యగలడు. చెరకు రసం, పాయసం, కరిగిన ఐస్‌క్రీమ్, అన్నీ ఆ జాతే. అందుకే నా నియమం ఒకటే: తీపి తాగను. తింటే నమిలి తింటాను.

నువ్వు పంచదార మానెయ్యి, టీ మానక్కర్లేదు. ఒక్కసారిగా కాదు, ఒకటిన్నర, ఒకటి, అర, ఇలా తగ్గించుకో. ఆపరేషన్ అయిన కొత్తలో చాలామందికి నోటి రుచి మారుతుంది, మామూలు తీపి కూడా వెగటు కొడుతుంది. నీకు అలా ఉంటే మంచి అవకాశం, ఇప్పుడే తగ్గించెయ్.

బెల్లం మంచిదే కదా అని పిన్నిగారు అంటారు, నాకు తెలుసు. మా అమ్మా అంతే. మన పేగుకి బెల్లమైనా పంచదారైనా ఒకటేరా. తేనె, ఖర్జూరం కూడా. షాపుల్లో షుగర్ ఫ్రీ అని అమ్మే స్వీట్లు ఇంకో తలనొప్పి. వాటిల్లో పంచదార బదులు వేసే మాల్టిటాల్, సార్బిటాల్ లాంటివి ఎక్కువైతే గ్యాసు, విరేచనాలు. నెయ్యి, కోవా ఎలాగూ ఉండనే ఉంటాయి. అదంతా పడే బదులు మంచి స్వీటు ఒక్క ముక్క తినడం నాకు న్యాయంగా తోస్తుంది.

సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి నాకు తీపి మీదికి మనసు పోతుంది. అప్పుడు ముందు ఆలోచించేది మధ్యాహ్నం ఏం తిన్నానా అని. ప్రోటీన్ తక్కువైన రోజు ఆ లాగుడు గట్టిగా ఉంటుంది. రోజుకి కనీసం 60 గ్రాములు అని నీకూ చెప్పే ఉంటారు. గుడ్డులో ఆరు గ్రాములే, అంటే ఎంత గుర్తుపెట్టుకుని తినాలో చూడు. ముందు చేపో, చికెనో, పప్పో, పనీరో, ఆ తర్వాతే అన్నం మెతుకు. ఆ వేళకి గట్టి పెరుగులో యాలకుల పొడి, నాలుగు దానిమ్మ గింజలు వేసుకుంటే నాకు సగం కోరిక తీరిపోతుంది. గింజలు నీకు ఇప్పుడే కాదు, పెరుగు మాత్రం నీ కాగితంలో ఉంటే మొదలుపెట్టు.

మరి నేను తీపి ఎలా తింటానంటావా? మా బావమరిది ఆత్రేయపురం వైపు నుంచి వచ్చినప్పుడల్లా పూతరేకులు తెస్తాడు. భోజనం అయిన తర్వాత, ఖాళీ కడుపుతో ఎప్పుడూ కాదు, పళ్ళెంలో ఒక పూతరేకు పెట్టుకుని నాలుగు ముక్కలు చేస్తా. ఒక ముక్క నాది. టీవీ కట్టేసి, ఫోన్ పక్కన పెట్టి తింటా. రేకు నాలుక మీద పెట్టగానే తడిసి అంటుకుంటుంది, ముందు నెయ్యి తెలుస్తుంది, తర్వాత పంచదార పొడి, చివర్న యాలకుల వాసన. పళ్ళెంలో రాలిన పొడి వేలితో అద్దుకుంటా. మిగతా మూడు ముక్కలూ మీ చెల్లెలికీ పిల్లలకీ. ఆ ముక్కతో వచ్చే తృప్తి నాకు ఒకప్పుడు పావుకిలో కాజాలతో కూడా రాలేదు. కానీ ఆ ముక్క అందరి ముందూ తింటాను. వంటింట్లో చీకట్లో దాక్కుని తినాలనిపించిన రోజు వస్తే, తిన్నాక ఏడుపొస్తే, నాకు చెప్పు, మీ హాస్పిటల్‌లో కౌన్సెలర్‌కి చెప్పు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తీపి బదులు మందు మీదికి మనసు మళ్ళినా అంతే. బైపాస్ తర్వాత అది చాలా త్వరగా తలకెక్కుతుంది.

పండగకి ఇంట్లో అరిసెలు చెయ్యొద్దని మాత్రం అనకు. పిల్లలున్నారు, పండగ పండగే. పిన్నిగారు చేసి నీ ముందు పెట్టి బాధపడతారు, అదీ నీ అసలు టెన్షన్. ముందే మాట్లాడు. "డాక్టర్ వద్దన్నారు" అంటే "ఒక్కటి ఏం చేస్తుందిరా" అంటారు. "ఈసారి నాకు మెత్తగా పప్పుచారు, చేప పులుసులో ముక్క పెట్టమ్మా, అరిసె వచ్చే ఏడు పెడుదువు గానీ" అను. ఆవిడ చేతికి పని కావాలి, నీకు ప్రోటీన్ కావాలి. మా అమ్మ ఇప్పుడు నా కోసం విడిగా రూపాయి బిళ్ళంత అరిసెలు వత్తుతుంది, నువ్వులద్ది, వేయించి, రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పోయేదాకా నొక్కుతుంది. పండగ రోజు భోజనం చేశాక ఒకటి తింటా. వచ్చే ఏడు డాక్టరు సరేనంటే నీకూ అవే పంపిస్తా.

మంగళగిరి మొక్కు సంగతి అడిగావు కదా. ఆపరేషన్ బాగా జరిగితే పానకాల స్వామికి పానకం పోయిస్తానని పిన్నిగారు మొక్కుకున్నారంటే తప్పకుండా తీర్చండి. మెట్లెక్కకు, కొండ మీదికి కారు వెళ్తుంది. బిందెడు పానకంలో సగం స్వామి తాగి సగం ప్రసాదంగా వదులుతాడు కదా, ఆ సగం గ్లాసుల్లో పోసుకుని తాగడం మన అలవాటు. నీకు బెల్లం నీళ్ళు గ్లాసుడు అంటే అచ్చం ఆ పెళ్ళిలో పాయసమే. ఏమైనా తిని వెళ్ళు, అరచేతిలో తీర్థంలా చుక్క తీసుకుని కళ్ళకద్దుకో, మిగతాది చెల్లెమ్మ సీసాలో పట్టుకుని ఇంట్లో అందరికీ పంచుతుంది.

వచ్చే నెల చెకప్‌కి ఇటే వస్తావుగా, బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి రిపోర్టులు మర్చిపోకు. మాత్రల బదులు తియ్యటి గమ్మీలు తీసుకోవచ్చా అన్నావు, వాటిల్లో మామూలుగా ఐరన్ ఉండదు, మాత్రలే వేసుకో. ముందు రోజు ఫోన్ చెయ్యి, బస్టాండుకి నేనే వస్తా. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, నీ కోసం చేప మెత్తగా వండుతుంది మీ చెల్లెలు.

పిన్నిగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ
రవి