మంత్రి గారూ, తరగతి రూల్స్ కోసం రెండు పీరియడ్లు ఇప్పించండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. విజయవాడలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్ని. పేరు, బడి పేరు రాయడం లేదు, ఎందుకో మీకూ తెలుసు. ఈ ఉత్తరం జీతాల గురించో బదిలీల గురించో అనుకోకండి. జూన్ 12న బడులు తెరిచాక మొదటి వారంలో ప్రతి తరగతికీ రెండు పీరియడ్లు ఖాళీగా ఇప్పించండి, ఆ ఏడాది తమ క్లాసు ఎలా నడవాలో పిల్లలూ టీచరూ కూర్చుని మాట్లాడుకుని రాసుకుంటారు. అంతే అడుగుతున్నా.

2025 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం రోజు, అమరావతిలో పిల్లల చేత మాక్ అసెంబ్లీ నడిపించారు. బాగుంది. కానీ బిల్లుల మీద చర్చించగల పిల్లలకి తమ సొంత క్లాసులో ఏ రూల్ ఎందుకుందో అడిగే వీలు లేదు. హెచ్‌ఎం గది బయట ఒక కాగితం అతికించి ఉంటుంది, అన్నీ 'కూడదు', 'రాదు' అనేవే, దాన్ని నిలబడి చదివిన పిల్లాడు నాకైతే ఇంతవరకు కనపడలేదు.

మా క్లాసులో ఏం చేశామో చెప్తాను. ఇక్కడ చదువుకోవడానికి ఏం అడ్డొస్తోందో పేర్లు లేకుండా చీటీల మీద రాయమన్నాను. ఫ్యాన్ తిరగదని కొందరు, వెనక బెంచీకి బోర్డు కనపడదని కొందరు రాశారు గానీ ఎక్కువ చీటీలు క్లాస్ లీడర్ మీదే. టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు కదా, అందులో వాడి ఫ్రెండ్స్ పేర్లు ఎప్పుడూ ఉండవట! (మీ క్లాసులోనూ ఇలాంటి లీడర్ ఉండే ఉంటాడు.)

అసలు వాదన ఆలస్యంగా వచ్చేవాళ్ల గురించి జరిగింది. వన్‌టౌన్ వైపు కొండ మీద ఇళ్లున్న పిల్లలు మా దగ్గర ఉన్నారు, పొద్దున పంపు వచ్చే టైమ్‌కి కింద బిందెలు పట్టుకుని మెట్లెక్కి నీళ్లు మోస్తే గానీ వాళ్లింట్లో వంట మొదలవదు, ఆ పని ఎక్కువగా ఆడపిల్లల మీదే పడుతుంది. వాళ్లని బయట నిలబెడితే ఆ రోజు లెక్కల పాఠం పోతుందే తప్ప పంపు టైమేమీ మారదు. చివరికి పిల్లలే తేల్చారు. ఆలస్యమైనవాళ్లు చప్పుడు చేయకుండా వెనక తలుపు నుంచి వచ్చి చివరి బెంచీలో కూర్చోవాలి, పోయిన నోట్సు ఇంటర్వెల్‌లో రాసుకోవాలి, ఊరికే ఆలస్యం చేసేవాళ్లని టీచర్ పక్కకి పిలిచి కనుక్కోవాలి, అందరి ముందూ అడక్కూడదు. ఈ చివరిది పట్టుబట్టి రాయించారు.

శిక్షలు కూడా మీరే చెప్పండి అన్నామో, పిల్లలు మనకంటే కఠినం. వంద గుంజీళ్లు, గోడకుర్చీ, పది రూపాయల ఫైన్. వాళ్లు చూసిందే చెప్తారు మరి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించిందని చెప్తే చాలామంది నమ్మలేదు. అంటే అన్నీ ఓటింగ్‌కి పెట్టేవి కావు. ఎవరి మీదా చెయ్యెత్తకూడదు, కులాన్నో రంగునో పట్టుకుని ఎగతాళి చేయకూడదు, ఇవి ముందే ఖాయం, వీటి మీద బేరం లేదు. నాకూ ఒక రూల్ పెట్టారు, మార్కులు పైకి చదవకూడదని. ఒప్పుకోక తప్పలేదు.

ఇందులో కొత్తేమీ లేదు సార్. రూల్స్ తయారీలో పిల్లల్ని కలుపుకోవాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలోనే ఉంది, టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదివినవాళ్లంతా దాన్ని బిట్ల కోసం బట్టీ పట్టినవాళ్లే. క్లాసులోకి వచ్చేసరికి సిలబస్ టెన్షన్. పైగా క్లాస్ టీచర్ ఒక్కరే ఒప్పుకుంటే సరిపోదు, పీరియడ్ మారగానే ఇంకో సారు వచ్చి "నా క్లాసులో నా రూల్సే" అంటే పిల్లలు రెండో రోజుకే ఆ కాగితాన్ని పట్టించుకోవడం మానేస్తారు.

నా భయమల్లా, ఇది చదివి మీరు వెంటనే ఒక ఉత్తర్వు ఇస్తారేమోనని. అందులో ఒక ఫార్మాట్ ఉంటుంది, పిల్లలు చేతులెత్తిన ఫొటో సాయంత్రంలోగా యాప్‌లో ఎక్కించమంటారు, నెల తిరక్కుండా ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ఒకే రూల్స్‌తో ఒకే ఫ్లెక్సీ వచ్చి వేలాడుతుంది. కొండ మీది పిల్లల నీళ్ల సంగతి ఆ ఫ్లెక్సీలో ఎక్కడ పడుతుంది? దయచేసి జాబితా పంపకండి. జూన్‌లో రెండు పీరియడ్లు, పనిచేయని రూల్స్ మార్చుకోవడానికి దసరా సెలవుల తర్వాత ఇంకొకటి, ఆ పీరియడ్లలో సబ్జెక్ట్ టీచర్లు కూడా వచ్చి కూర్చోవాలని ఒక్క మాట. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు తనిఖీకి వచ్చినప్పుడు దీనికి రిజిస్టర్ అడగనక్కర్లేదు, ఏ రూల్ ఎందుకు పెట్టుకున్నారో పిల్లల్నే అడగమనండి.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక టీచర్