ట్రాక్టరు నుంచి 'ఎదగడం' ఏమిటి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో లంబోర్గినీ కారు గురించి వచ్చిన వ్యాసాన్ని మా షెడ్డులో పనిచేసే కుర్రాడు బిగ్గరగా చదివి వినిపించాడు. వాడి బైకు ట్యాంకు మీద ఆ కంపెనీ ఎద్దు బొమ్మ స్టిక్కరు ఉంటుంది. వ్యాసం బాగానే సాగింది గానీ ఒక వాక్యం దగ్గర నా చేతిలో స్పానరు ఆగింది. ఆ కంపెనీ పెట్టిన ఇటలీవాడు ఫెరూచియో లంబోర్గినీ 'ట్రాక్టర్లు చేసుకునే స్థాయి నుంచి' కార్ల స్థాయికి ఎదిగారట. మిర్యాలగూడలో 31 ఏళ్లుగా ట్రాక్టర్లు బాగుచేస్తున్నవాడిని. ఆ 'స్థాయి' అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది.

ఆయన 1916లో ఉత్తర ఇటలీలోని రెనాజ్జో అనే ఊళ్లో, ద్రాక్ష సాగు చేసే ఇంట్లో పుట్టారు. మనసు మాత్రం తోట మీద కంటే పనిముట్ల మీద ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో రోడ్స్ దీవిలో సైనిక వాహనాలకు మరమ్మతులు చేశారు. చివర్లో బ్రిటిష్ సైన్యానికి బందీగా చిక్కి, 1946లో ఇల్లు చేరారు. ఊళ్లో పొలాలున్నాయి, దున్నడానికి యంత్రాలు లేవు. మరోపక్క యుద్ధం వదిలేసిన వాహనాలు అగ్గువకు దొరుకుతున్నాయి. మోరిస్ లారీల ఆరు సిలిండర్ల ఇంజిన్లు తెచ్చి, పాత సైనిక వాహనాల భాగాలు జోడించి ట్రాక్టరు కట్టారు. పెట్రోలు ఖరీదు కాబట్టి పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజిను వేడెక్కాక డీజిల్‌కు మార్చుకునే ఏర్పాటు ఒకటి సొంతంగా తయారుచేశారు. వాగుల ఒడ్డున పెట్రోలుతో స్టార్టయి కిరోసిన్‌తో నడిచే చిన్న ఇంజిన్లు చూసిన మా వయసు రైతులకు ఈ కిటుకు వివరించనక్కరలేదు. 1948లో చెంతో పట్టణంలో ట్రాక్టర్ల కంపెనీ పెట్టారు. నేను కట్టిన మొదటి ట్రాలీ కూడా తుక్కు దుకాణంలో కొన్న లారీ ఇరుసు మీదే నిలబడింది. పోలికేమీ కాదు, ఆ పనిలో ఉన్న సంతోషం తెలుసునని చెబుతున్నాను.

ఇక క్లచ్ కథ. ఇంజినునూ గేర్లనూ కలిపి, విడదీసే భాగం అది. ట్రాక్టర్ల మీదా, తర్వాత మొదలుపెట్టిన, ఇళ్లను వేడిచేసే బర్నర్ల వ్యాపారం మీదా వచ్చిన డబ్బుతో ఆయన ఫెరారీ కార్లు కొన్నారు. క్లచ్ మాటిమాటికీ పోయేదట. విప్పించి చూస్తే తన ట్రాక్టర్లకు వేసే రకమే కనిపించిందట. వెళ్లి ఆ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీతో చెబితే, ట్రాక్టర్లు తోలేవాడికి నా కారు సంగతి ఏం తెలుసన్నట్టు మాట్లాడి పంపేశారట. ఆ పౌరుషంతోనే 1963లో సాంతాగాతా బోలొనేజే అనే ఊళ్లో కార్ల ఫ్యాక్టరీ పెట్టానని ఆయన చెప్పుకునేవారు.

మీ వ్యాసకర్త దీన్ని వేదవాక్కులా రాశారు. నాకు మాత్రం సగం నమ్మకమే. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారంటే చాలు, బురదలో తిరిగే ఇనుప కేజ్‌వీల్స్ తగిలించుకుని దమ్ములోకి దిగిన ట్రాక్టర్లు క్లచ్ కాల్చుకుని నా షెడ్డు ముందు వరుస కడతాయి. ప్రతి యజమానీ ప్లేటు నాసిరకం అంటాడు. పెడల్ మీద నుంచి కాలు తీయలేదని ఒప్పుకున్నవాడిని ఇంతవరకు చూడలేదు. ఆ ఒక్క ప్లేటు మార్చాలంటే ట్రాక్టరును నడిమికి విడదీసి, ఇంజిను ఒకవైపు, గేరుబాక్సు ఒకవైపు నిలబెట్టాలి. ఆ పని చేస్తున్నప్పుడు నాకు ఎంజోగారి మీద కాస్త జాలి కలుగుతుంది. అయినా ఒకటి ఒప్పుకుంటాను. లక్షలు పోసి కారు కొన్నవాళ్లు ఎందరో ఉంటారు. లోపలి ప్లేటు చూసి 'ఇది నాకు తెలిసినదే' అనగలిగేవాళ్లు ఎందరు? ఆ చూపు ఆయనకు ట్రాక్టర్ల దగ్గరే వచ్చింది.

కార్ల ఘనత మీరు రాశారు కాబట్టి రెండు ముక్కలే. పన్నెండు సిలిండర్ల మొదటి ఇంజినుకు రూపకల్పన చేసిన జొట్టో బిజ్జరీని అంతకుముందు ఫెరారీలో పనిచేసిన ఇంజినీరే. 1963లో ట్యూరిన్ ప్రదర్శనకు పెట్టిన నమూనా కారులో ఆ ఇంజిను పట్టక, బరువు కోసం ఇటుకలు పేర్చి బానెట్ తెరవకుండా గడిపారని చెబుతారు. ఇది మీరు ఎందుకు వదిలేశారో తెలియదు, మా కుర్రాడు పడీపడీ నవ్వాడు. 1966లో వచ్చిన మియురా అనే కారులో ఇంజినును సీట్ల వెనక అడ్డంగా పెట్టారు. చూడటానికి అందమే. దాన్ని సర్వీసు చేసిన మెకానిక్ నడుము గురించి ఎవరూ రాయరు. అన్నట్టు, ఆ బొమ్మలోది అరక ఎద్దు కాదు, పోట్లాటకు పెంచే ఆబోతు. పాశ్చాత్యుల లెక్కన లంబోర్గినీది వృషభ రాశి.

మీ వ్యాసంలో అసలే లేనిది పతనం. అప్పట్లో ఆ ట్రాక్టర్లు పెద్ద సంఖ్యలో విదేశాలకు వెళ్లేవి. 1971లో బొలీవియాలో సైనిక తిరుగుబాటు జరిగాక అక్కడి పెద్ద ఆర్డరు రద్దయింది. 1972లో కార్ల కంపెనీలో 51 శాతం వాటా అమ్ముకున్నారు. 1973లో ట్రాక్టర్ల కంపెనీ సామే అనే మరో ఇటలీ ట్రాక్టర్ల కంపెనీ చేతికి వెళ్లింది. 1974లో కార్లలో మిగిలిన వాటా కూడా పోయింది. ట్రాక్టరు కుంటుపడగానే కారు చేతులు మారిందన్నమాట. కార్ల కంపెనీ 1978లో దివాలా తీసి, ఎన్నో చేతులు తిరిగి 1998లో జర్మనీ ఆడి దగ్గర కుదురుకుంది. లంబోర్గినీ మాత్రం ఇటలీలోనే ఉంబ్రియా అనే ప్రాంతంలో భూమి కొనుక్కుని ద్రాక్ష పండించుకుంటూ 1993లో కన్నుమూశారు.

లంబోర్గినీ పేరుతో ట్రాక్టర్లు ఇప్పటికీ వస్తున్నాయి. వాటిని తయారుచేసే ఆ ఇటలీ సంస్థకు మన పక్కనే, తమిళనాడులోని రాణిపేటలో ఫ్యాక్టరీ ఉంది. ఈ సంగతి చెబితే మా కుర్రాడు నమ్మలేదు. మీ పేపర్లో వస్తే నమ్ముతానన్నాడు. అందుకే ఈ ఉత్తరం. వీలైతే ఈసారి కారు పక్కన ట్రాక్టరు ఫొటో కూడా వేయండి.

షెడ్డులో రెండు ట్రాక్టర్లు విప్పి ఉన్నాయి. రెండూ క్లచ్ కేసులే. ఉంటాను.

– ఒక ట్రాక్టర్ మెకానిక్, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా