గృహహింస నివారణ నిధి జమా ఖర్చులు, పేర్లు రాయని 1,87,300 సంగతి

అందరికీ నమస్కారం. తెనాలి బజారు వ్యాపారులం కలిసి పోయిన దసరాకి మొదలుపెట్టిన నిధి లెక్క ఇది. సంక్రాంతికి ఇస్తామన్నాం, ఉగాది వచ్చేసింది, ఆలస్యం మాదే, క్షమించాలి. ఇల్లు వదిలొచ్చిన ఆడవాళ్ళ కోసం తీసుకున్న ఒక గది అడ్వాన్సు తిరిగొస్తుందేమో అని కొన్నాళ్ళు ఆగాం, ఆ తర్వాత మన ఆడిటర్ గారు మార్చి పనుల్లో పడిపోయారు. ఈలోపు గ్రూపుల్లో డబ్బులు ఏమయ్యాయి అని మొదలైంది కాబట్టి 2025 మార్చి 25 దాకా ఉన్నదంతా ఇక్కడే పెడుతున్నాం.

జమ. బంగారం షాపులు 19 కలిపి 2,10,000. బట్టల షాపులు 34, వాళ్ళవి 1,62,000. రైస్ మిల్లులు, పప్పు మిల్లుల వాళ్ళు 1,25,000. కిరాణా, ఫ్యాన్సీ, మందుల షాపులు, మొబైల్ షాపులు అన్నీ కలిపి 78,500. కౌంటర్ల మీద పెట్టిన 40 డబ్బాల్లో 37,000. మొత్తం 6,12,500. డబ్బాల్లో అన్నిటికంటే ఎక్కువ వచ్చింది ఒక టీకొట్టు డబ్బాలో, 2,140, అన్నీ పది నోట్లూ చిల్లరే, ఆ టీకొట్టు ఆయనకి ప్రత్యేకంగా దండం.

రాసిన చందాలు మాత్రం 7,30,000. డబ్బాల డబ్బు ఇందులో చేరదు, అంటే ఇంకా 1,54,500 రావాలి. మీటింగులో మైకులో చెప్పిన మూడు పెద్ద అంకెలు అందులోనే ఉన్నాయి. బేరాలు డల్‌గా ఉన్నాయని మాకూ తెలుసు, మేమూ షాపులు నడుపుకునేవాళ్ళమే, కానీ ఆ మాట నమ్మే రెండో గది కూడా తీసుకుందామనుకున్నాం. దయచేసి ఏప్రిల్ 15 లోపు కట్టండి. అమెరికాలో స్థిరపడిన మన ఊరబ్బాయి ఒకాయన పెద్ద మొత్తమే పంపుతానన్నాడు, ఆయనకి అక్కడి పౌరసత్వం వచ్చింది కాబట్టి అది విదేశీ డబ్బు కిందకొస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు, అందుకే వద్దన్నాం. డబ్బు వచ్చి దాచారు అని ఎవరో రాశారు, రాలేదండీ.

ఖర్చులు. నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10 దాకా జరిపిన ప్రచారానికి ఆటో మైకు, ర్యాలీలో మంచినీళ్ళు, టీ అన్నీ 31,400. చుట్టుపక్కల ఊళ్ళలో బుర్రకథ, వీధి నాటకం 36,000 (తెనాలిలో నాటకం లేకుండా జనానికి ఏం చెప్పినా ఎక్కదు). షాపు స్టాఫ్‌కి నాలుగు ట్రైనింగులు, హాలు, భోజనాలు, రానుపోను ఛార్జీలు 52,500. చెప్పడానికి వచ్చిన లాయరమ్మ, ప్రొటెక్షన్ ఆఫీసర్ (గృహహింస కేసులు చూసే ప్రభుత్వ అధికారి) గారు పైసా తీసుకోలేదు. స్టాఫ్ భయమల్లా ఎవరింట్లోనో కొడుతున్నారని మనం చెప్తే మన మీద కేసు పెడతారేమో అని. 2005 గృహహింస చట్టంలో సెక్షన్ 4 ప్రకారం మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ళ మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ బాధ్యతా ఉండదు అని లాయరమ్మ చదివి వినిపించాకే స్టాఫ్ నోరు విప్పారు. ఒక గాజుల షాపు అమ్మాయి చెప్పింది, ఒకావిడ గాజులు వేయించుకోవడానికి చెయ్యి చాపింది, మణికట్టు వాచి నల్లగా ఉంది, రెండో గాజు దగ్గరే కళ్ళలో నీళ్ళొచ్చి ఇవాళ వద్దులేమ్మా అని వెళ్ళిపోయింది, ఏం అనాలో తెలియక నేను పక్క డజను చూపించానండి అని. ట్రైనింగ్ ఎందుకు అని అడిగినవాళ్ళకి మా జవాబు ఇదే.

ప్రింటింగు 48,600. మా మీద మొదటి ఫిర్యాదు దీని మీదే. ఇంత ఖర్చుపెట్టి దాతల ఫోటోలతో ఒక్క ఫ్లెక్సీ అయినా లేదేంటి, షాపు పేర్లు ఎందుకు వేయలేదు అని. వేయకూడదనే వేయలేదు. ట్రయల్ రూముల్లో, లేడీస్ టైలర్ల దగ్గర, బ్యూటీ పార్లర్లలో పెట్టింది చించుకెళ్ళే చీటీలు, చూడ్డానికి బ్లౌజు కొలతల చీటీలాగే ఉంటాయి, కింద మాత్రం మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసర నంబరు 112, ఉచిత న్యాయసాయం నంబరు 15100 ఉంటాయి. ఇంటికెళ్ళాక పర్సు వెతికే మొగుడి కంట్లో పడినా అనుమానం రాకూడదు, అక్కడ షాపు లోగోలు మెరిస్తే ఎలా? ఒక బట్టల షాపులో నాలుగో రోజుకే చీటీలన్నీ అయిపోయాయి. రెండోసారి వేయించాం, అందుకే బిల్లులు రెండు ఉన్నాయి, ఒకటి దొంగ బిల్లు కాదు.

ఇప్పుడు అసలు విషయం, అత్యవసర సాయం 1,87,300. 23 మంది ఆడవాళ్ళకి. ఆటో, బస్సు, కారు ఛార్జీలు 22,800. మందులు, ఎక్స్‌రేలు 31,500. తొమ్మిది మందికి ఇంటద్దె అడ్వాన్సులు 81,000. పిల్లల ఫీజులు, పుస్తకాలు 28,000. చిన్న బటన్ ఫోన్లు ఆరు, 9,000. కుట్టు మిషన్లు రెండు, 15,000.

పేర్లేవి అంటున్నారు. పేర్లు ఇవ్వం. ప్రతి వోచర్ మీద నంబరు మాత్రమే ఉంది, నంబరుకి పేరు కలిపే పుస్తకం లాయరమ్మ దగ్గర తాళంలో ఉంది, కమిటీలో ఉన్న మాకు కూడా అందరి పేర్లూ తెలియవు. జనవరిలో ఒక దాత వచ్చి నేనిచ్చిన డబ్బు ఎవరికి వెళ్ళిందో చూడాలి, లిస్టు ఇవ్వండి అని గట్టిగా కూర్చున్నాడు. ఎంత చెప్పినా వినలేదు. చివరికి తెలిసింది ఏంటంటే వాళ్ళ కోడలు పిల్లాడితో ఇల్లు వదిలి వెళ్ళిపోయింది, మా దగ్గరికి వచ్చిందేమో కనుక్కోవడానికి వచ్చాడు. వచ్చిందో లేదో ఆ రోజూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పం. ఆయన చందా తిరిగి అడిగితే వేరే సభ్యులు వేసుకుని ఇచ్చేశారు, నిధిలోంచి తియ్యలేదు, అందుకే లెక్కలో ఆ మొత్తం అలాగే ఉంది.

ఆటోవాళ్ళు బిల్లులివ్వరు. అర్ధరాత్రి సఖి సెంటర్ (హింసకి గురైన ఆడవాళ్ళకి ప్రభుత్వం నడిపే సాయం కేంద్రం) దాకా తీసుకెళ్ళినప్పుడు రసీదు అడిగే పరిస్థితి ఉండదు. 22,800లో 6,400కి మా సభ్యుల సంతకం తప్ప కాగితం లేదు. ఇది లోపమే. ఇకమీదట ఫోన్‌పేలో కట్టి స్క్రీన్‌షాట్ పెట్టాలని తీర్మానించాం.

అద్దెలు ఎందుకు అంటే, సఖిలో మామూలుగా 5 రోజుల దాకే ఉండనిస్తారు. కోర్టు మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది గానీ ఆ 60 రోజులు పిల్లల్ని వేసుకుని ఎక్కడుంటుంది? అందుకే రెండు గదులు తీసుకుందామనుకున్నాం. మొదటి గదికి 40,000 అడ్వాన్సు ఇచ్చాం, ఎందుకో తెలిశాక ఇంటాయన గొడవలొస్తాయి ఖాళీ చెయ్యండి అన్నాడు, 25,000 వెనక్కిచ్చాడు, 15,000 ఇంకా ఇవ్వలేదు. ముందే చెప్పి తీసుకోవాల్సింది, చెప్తే ఇవ్వరేమో అని చెప్పలేదు, అది మా తప్పు. ఆ 15,000 పైన చెప్పిన 1,87,300లో కాకుండా విడిగా ఖర్చులో రాశాం, వస్తే జమ చేస్తాం.

కాపురాలు కూల్చడానికి డబ్బులిస్తున్నారు అన్నవాళ్ళకి. లాయరు ఫీజు కింద ఒక్క రూపాయి ఇవ్వలేదు, అవసరం కూడా లేదు, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవా సంస్థ నుంచి ఉచితంగా లాయరు వస్తారు. 23 మందిలో 11 మంది మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళారు. తిరిగెళ్ళేదానికి ఎందుకు ఇచ్చారు అని కూడా అడిగారు. వెళ్తానో లేదో రాసివ్వు అని ఎక్స్‌రే తీయించే ముందు అడగాలా? ఇద్దరు పోయిన నెల మళ్ళీ ఫోన్ చేశారు, మేమిచ్చిన బటన్ ఫోన్ నుంచే.

మొత్తం ఖర్చు 3,70,800. నిల్వ 2,41,700, అందులో బ్యాంకులో 2,36,200, చేతిలో 5,500.

పేర్లు లేని వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆడిటర్ గారి సంతకం ఉన్న కాపీ వచ్చే రెండు ఆదివారాలు పొద్దున 10 నుంచి 12 దాకా కోశాధికారి గారి షాపు మేడ మీద పెడుతున్నాం. దాతల్లో ఇద్దరిని చీటీ తీసి అన్నీ లెక్కపెట్టించమని కోరుతున్నాం, వాళ్ళు ఏం రాసినా మార్చకుండా ఇక్కడే పెడతాం. రెండో గదికి ఎవరిదైనా పోర్షన్ ఖాళీగా ఉంటే చెప్పండి, ఈసారి ఎందుకో ముందే చెప్పి తీసుకుంటాం.