‘ఇంజన్‌కు చావు లేదు’ అన్న నమ్మకంతో పాత ఇన్నోవాలు కొంటున్నారు

సంపాదకులకు,

నమస్కారం. టయోటా కంపెనీ చరిత్రపై మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాం. మగ్గాల కంపెనీ కార్ల కంపెనీగా ఎదిగిన తీరు ఆసక్తిగా చెప్పారు. అయితే చివర్లో ‘ఈ ఇంజన్లకు చావు లేదు, ఆయిల్ పోసి తిప్పుకుంటే చాలు’ అని రాశారు. ఒడిశాలోని గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఈ బండ్లు కిరాయికి తిప్పేవాళ్లం, షెడ్లలో బాగుచేసేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాయడానికి ఆ వాక్యమే కారణం. ఆ మాట నమ్మి విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి పాత క్వాలిస్‌లు, ఇన్నోవాలు కొనితెచ్చుకుని, ఏడాది తిరక్కుండా ఇంజన్ దించుకుంటున్న కుటుంబాలు ఈ మూడు జిల్లాల్లో చాలా ఉన్నాయి. అప్పు చేసి కొన్న బండి అది. నెల రోజులు షెడ్డులో నిలబడితే ఇల్లు గడవదు.

ముందు మీ వ్యాసంలో రాని చరిత్ర కొంత. సకిచి టయోడా 1924లో పూర్తిచేసిన ఆటోమేటిక్ మగ్గానికి రెండు గుణాలుండేవి. పేక అయిపోతే మగ్గం ఆగకుండానే నాడె మారేది. పోగు తెగితే మాత్రం మగ్గం తనంతట తానే ఆగిపోయేది. బరంపురం పట్టు నేసే తెలుగు వీధుల్లో ఈ రెండో గుణం విలువ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. తెగిన పడుగు పోగును చూసుకోకుండా నేసుకుంటూ పోతే చీర మొత్తం లోపంతోనే దిగుతుంది. ఆ మగ్గాలు చేయడానికి 1926లో కంపెనీ పెట్టారు. 1929లో పేటెంట్ హక్కులను ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్‌కు అమ్మారు. కొడుకు కియిచిరో 1933లో అదే మగ్గాల కంపెనీలో మోటార్ల విభాగం తెరిచారు. 1937లో టయోటా మోటార్ కంపెనీ విడిగా ఏర్పడింది.

1935లో అమ్మిన తొలి లారీలు రోడ్ల మీద తరచూ ఆగిపోయేవి. కంపెనీ మనుషులు బండి ఆగిన చోటికే వెళ్లి, విరిగిన భాగం చూసి, తర్వాతి బండిలో దాన్ని మార్చేవారు. 1957లో అమెరికాకు పంపిన క్రౌన్ కారు అక్కడి హైవేల వేగానికి వేడెక్కిపోయి, శక్తి చాలక, కొద్ది ఏళ్లకే వెనక్కి రావాల్సి వచ్చింది. 2009–10లో యాక్సిలరేటర్ పెడల్, ఫ్లోర్ మ్యాట్ల లోపాలతో లక్షల కార్లను వెనక్కి పిలిచారు. అప్పటి అధ్యక్షుడు అకియో టయోడా అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిలబడి క్షమాపణ చెప్పారు. ఆ లోపాల విషయంలో వినియోగదారులను తప్పుదోవ పట్టించినందుకు 2014లో 120 కోట్ల డాలర్లు కట్టారు. 2024 జనవరిలో డీజిల్ ఇంజన్ల శక్తి పరీక్షల్లో అక్రమాలు బయటపడి, మన దేశంలో కూడా ఇన్నోవా క్రిస్టా, ఫార్చూనర్, హైలక్స్ బండ్ల సరఫరా కొన్నాళ్లు ఆపారు. ఆ ఇంజన్లు చేసేది 1926లో పుట్టిన ఆ మగ్గాల కంపెనీయే.

ఇవన్నీ ఎత్తిచూపుతున్నది కంపెనీ పరువు తీయడానికి కాదు. ఇవే బండ్ల మీద మేం బతుకుతున్నాం. ఈ కంపెనీకి పేరొచ్చింది తప్పు కనబడగానే ఆపి, దాన్ని సరిదిద్దినందుకు. ఆ పని మానిన ప్రతిసారీ దెబ్బతింది. బండి యజమానికీ వర్తించేది ఇదే.

మన దేశంలో కిర్లోస్కర్‌తో కలిసి 1997లో కంపెనీ పెట్టి, బెంగళూరు దగ్గర బిడదిలో 2000 ఆరంభంలో క్వాలిస్‌ను తెచ్చారు. 2005లో ఇన్నోవా, 2016లో క్రిస్టా వచ్చాయి. క్వాలిస్ గురించి ఇక్కడి యజమానుల మాట ఒకటే: నెమ్మదైన బండి, మొండి బండి. 2,446 సీసీ, 75 హార్స్‌పవర్, టర్బో లేదు, కంప్యూటర్ లేదు. గుణుపురంలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ కూడా పానాలతో బాగుచేయగలడు. ఇన్నోవా వేరు. 2,494 సీసీ కామన్ రైల్ ఇంజన్ (కంప్యూటర్ చెప్పినట్టు ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే రకం), 102 హార్స్‌పవర్. సీట్లు, ఏసీ, దూరప్రయాణంలో నడుం నొప్పి రాకపోవడం, అమ్మేటప్పుడు వచ్చే ధర, వీటిని అందరూ మెచ్చుకుంటారు. విడిభాగాల ధర, ఖాళీగా వెళ్లేటప్పుడు వానలో వెనక టైర్లు జారడం, ఘాట్‌లో 9, 10కి పడిపోయే మైలేజీ, ఇవి అందరూ చెప్పే ఫిర్యాదులు. మూడు నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగి ఇంజన్ విప్పని ఇన్నోవాలు నిజంగానే ఉన్నాయి. వాటి యజమానులు ఏం చేశారో మీ వ్యాసంలో లేదు. అది చెప్తాం.

క్వాలిస్‌కూ, పాత ఇన్నోవాకూ వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా తిప్పే టైమింగ్ బెల్ట్ ఉంటుంది, చైన్ కాదు. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి హెడ్డు పాడవుతుంది. మాన్యువల్‌లో ఎంత రాసున్నా ఘాట్‌లో తిరిగే బండికి లక్ష కిలోమీటర్లకే మార్చండి. బెల్ట్‌తో పాటు దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్, ఐడ్లర్ బేరింగ్ కూడా మార్చాలి. బేరింగ్ పట్టేసినా కొత్త బెల్ట్ తెగుతుంది. ఇన్నోవా మీటర్‌లో బెల్ట్ గడువు దీపం వెలుగుతుంది. బెల్ట్ మార్చకుండానే ఆ దీపాన్ని ఆర్పేయొచ్చు. అమ్మేవాళ్లలో కొందరు చేసేది అదే. కాబట్టి దీపం వెలగడం లేదన్నది సాక్ష్యం కాదు. బెల్ట్ కొన్న బిల్లు అడగండి. బిల్లు లేకపోతే కొన్న వారంలోనే మార్పించండి.

ఇన్నోవా ఇంజన్లు పోయేది ఎక్కువగా, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కింది రాగి వాషర్ల వల్ల. నాలుగు ఇంజెక్టర్లకు నాలుగు చిన్న వాషర్లు. అవి అరిగితే సిలిండర్లోని మంట పొగ పైకి తన్నుకొస్తుంది. ఈ ఇంజన్లో ఇంజెక్టర్ల అడుగు వాల్వ్ కవర్ లోపలే ఉంటుంది కాబట్టి ఆ పొగ బయటికి పోయే దారి లేక నేరుగా ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తారులా చిక్కబడుతుంది. ఆ మడ్డి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి దిగి, ఆయిల్ పంపు నూనె పీల్చే జల్లెడను మూసేస్తుంది. డిప్ స్టిక్ చూస్తే ఆయిల్ నిండుగానే ఉంటుంది, బేరింగులకు మాత్రం అందదు. సుంకి ఘాట్‌లో లోడుతో ఎక్కుతుండగా ఇంజన్ పట్టేస్తే, ‘ఆయిల్ ఉంది కదా, ఎందుకు పోయింది’ అని యజమాని తల పట్టుకునేది ఇందుకే. ఎక్కేటప్పుడు ఎర్రటి ఆయిల్ దీపం ఒక్కసారి మినుక్కుమన్నా ‘సెమిలిగుడ దాకా పోదాం’ అనుకోవద్దు. అక్కడికక్కడే ఆపి, తాడు కట్టి లాగించుకోండి. ఆ ఖర్చుకూ ఇంజన్ ఖర్చుకూ పోలికే లేదు.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వినాలి. మొదటి నిమిషంలో కొట్టుకున్నట్టు గట్టి చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గితే ఇంజెక్టర్లను అనుమానించాలి. ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజన్ తిరుగుతుండగా) ఆయిల్ మూత విప్పితే కొద్దిగా ఆవిరి రావడం మామూలే. పొగ గుప్పుగుప్పుమని తన్నుతుంటే, మూత అడుగున నల్లటి గట్టి పొర కనబడితే, వాల్వ్ కవర్ విప్పి చూడాల్సిందే. ఇంజెక్టర్ ఏ పని మీద బయటికి తీసినా పాత వాషర్ మళ్లీ వేయకూడదు, సీటు మీది మసి శుభ్రంగా తుడిచి కొత్తది వేయాలి. పాత బండి కొన్నవాళ్లు మొదటి ఆయిల్ మార్పిడికే ఛాంబర్ దింపి జల్లెడ కడిగించుకోవాలి. సుమారు 7 లీటర్ల ఆయిల్ పడుతుంది. 5 లీటర్ల డబ్బా పోసి సరిపెట్టే షెడ్లు ఉన్నాయి, దగ్గరుండి చూసుకోండి. ఫిల్టర్లను ఉతికి వాడే పద్ధతి క్వాలిస్ రోజులతోనే పోవాల్సింది.

డీజిల్ సంగతి. మల్కన్‌గిరి వైపు లోపలి ఊళ్లలో డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్ పోయించుకోక తప్పని రోజులుంటాయి. క్వాలిస్ దాన్ని తట్టుకుంటుంది. వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో పనిచేసే ఇన్నోవా పంపు, ఇంజెక్టర్లు తట్టుకోవు. డ్రమ్ములో నీరు అడుగున చేరుతుంది కాబట్టి అడుగు డీజిల్ తీసుకోవద్దు, పైనుంచి సైఫన్ పెట్టి గుడ్డతో వడగట్టి పోయాలి. వానాకాలంలో నెలకోసారి ఫిల్టర్ కింది స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి కొద్దిగా దింపి చూడండి. అడుగున నీటి పొర కనబడితే స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా వదిలి, చేతి పంపు నొక్కి గాలి తీయాలి. ఐడిల్‌లో ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతూ ఒక్కోసారి ఆగిపోతుంటే వెంటనే ‘పంపు పోయింది’ అని మొత్తం పంపు మార్చేయొద్దు. ముందు ఫిల్టర్, తర్వాత పంపులోకి వెళ్లే డీజిల్‌ను అదుపు చేసే, పంపు మీదే ఉండే సక్షన్ కంట్రోల్ వాల్వ్ చూడాలి. చాలాసార్లు ఆ వాల్వ్ మారిస్తే చాలు.

బ్రేకుల గురించి పత్రికలు రాయవు, ఘాట్‌లో ప్రాణాలు పోయేది వీటి వల్లే. తప్తపాణి ఘాట్ గానీ, సాలూరు నుంచి కోరాపుట్ దారి గానీ, దిగేటప్పుడు ఎక్కడానికి వేసిన గేరే వేసి ఇంజన్‌తో పట్టించాలి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్న పాత ఆయిల్ 140 దగ్గరే మరగవచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి చేరి పెడల్ నేలకు దిగిపోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చాలి, పైన పోసి నింపితే సరిపోదు. ఇంకొకటి ఇక్కడి షెడ్లలో రోజూ జరిగే తప్పు. లోడు కోసం క్వాలిస్ వెనక కమాన్ కట్టలో (స్ప్రింగు పలకల కట్టలో) అదనపు ఆకులు వేస్తారు. వెనక ఇరుసు దగ్గర లోడును బట్టి వెనక బ్రేకులకు ఒత్తిడి పంచే వాల్వ్ ఒకటుంటుంది. బండి కిందికి ఎంత కూర్చుందో దాన్ని బట్టే ఆ వాల్వ్ లోడును గ్రహిస్తుంది. కట్ట గట్టిపడి బండి కూర్చోకపోతే, పదిమంది ఉన్నా ఖాళీ బండే అనుకుని వెనక బ్రేకులు తగ్గిస్తుంది. భారమంతా ముందు డిస్కుల మీద పడి అవి కాలిపోతాయి. ఆకులు వేయించిన ప్రతి బండికీ ఆ వాల్వ్ రాడ్డును మళ్లీ సరిచేయించాలి.

గోపాలపురం, ఛత్రపురం తీరంలో తిరిగిన బండి కొంటే పెయింట్ చూసి మోసపోవద్దు. క్వాలిస్, ఇన్నోవా, క్రిస్టా మూడూ ఛాసిస్ (అడుగు ఇనుప చట్రం) మీద కట్టినవే. బండిని పైకెత్తించి వెనక స్ప్రింగులు కూర్చునే చోట, బాడీ బోల్టుల చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. పొరలు పొరలుగా రాలితే ఎంత చవకైనా వద్దు.

క్రిస్టాకు టైమింగ్ చైన్ ఉంది, ఆ బెంగ లేదు. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండికి సైలెన్సర్ దారిలో మసి ఫిల్టర్ ఉంటుంది. పర్లాకిమిడి బజారులోనే రెండేసి కిలోమీటర్లు తిప్పితే అది మూసుకుంటుంది. దీపం వెలిగితే మెయిన్ రోడ్డు మీద నిలకడగా నడపండి. ఆ ఫిల్టర్‌కు తగిన ఆయిల్ కాకుండా చవకది పోయిస్తే మసి కాలినా బూడిద మిగులుతుంది. తర్వాత వచ్చిన ఇన్నోవా హైక్రాస్‌లో డీజిల్ లేదు, ఛాసిస్ లేదు, ముందు చక్రాలతో నడిచే బండి. మంచి బండే, కానీ క్వాలిస్, ఇన్నోవా మీద పెట్టుకున్న అంచనాలతో దాన్ని కొండదారుల్లో లోడుకు వాడొద్దు.

ఆఖరుగా కాగితాలు. ఆంధ్ర బండి కొని ఆ నంబరుతోనే ఏళ్ల తరబడి తిప్పేవాళ్లు ఇక్కడ ఎక్కువ. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలన్నది చట్టం. ఫారం 28తో నిరభ్యంతర పత్రం, 29, 30లతో పేరు మార్పిడి, అప్పు ఉంటే తీరాక ఫారం 35, ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27. డబ్బు మొత్తం ఇచ్చే ముందే అమ్మేవారితో ఈ సంతకాలు చేయించుకోవాలి. ఛాసిస్ నంబరును పెన్సిల్ ముద్ర తీసి ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. కిరాయి బండి పసుపు బోర్డు తీసి సొంత బండి తెల్ల బోర్డు చేసిందా అన్నది పాత ఆర్‌సీ నకలు చూస్తే తెలుస్తుంది. అలాంటి బండి మీటర్‌లో లక్షా ఇరవై వేల కిలోమీటర్లే చూపిస్తే, పెడల్ రబ్బర్లు, సీటు పట్టాలు చూడండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి పాత సర్వీసుల కిలోమీటర్లు అడగండి.

మీ ఒడిశా పేజీలో ఈ రిజిస్ట్రేషన్ మార్పిడి పద్ధతిని, కట్టాల్సిన రోడ్డు ట్యాక్సును, ఆంధ్రలో కట్టిన జీవితకాల పన్నులో మిగిలింది తిరిగి అడిగే విధానాన్ని తెలుగులో వివరంగా వేయమని కోరుతున్నాం. ఇక్కడి ఆర్టీవో కార్యాలయాల్లో కాగితాలు ఒడియాలో, ఇంగ్లీషులో ఉంటాయి. ఆ రెండూ రాని డ్రైవర్లు మీ పత్రికే చదువుతారు.

ఇట్లు,
గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల కిరాయి బండ్ల యజమానులు, మెకానిక్కులు కొందరు
బరంపురం