నిద్రపోయిన కోర్ లేవడం లేదు

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్లో సగంలో ఆగిపోయిన సంగతి ఇది, పనిలేనప్పుడు ప్రాసెసర్ కోర్‌ని నిద్రపుచ్చే ఐడిల్ డ్రైవర్ గురించి. నువ్వూ ఇప్పుడు పాత ఆర్మ్ బోర్డుని డివైస్ ట్రీకి, అంటే హార్డ్‌వేర్ వివరాలు కోడ్‌లో కాకుండా విడిగా రాసే ఫైలుకి, మారుస్తున్నావు కాబట్టి ముందే రాస్తున్నా, నాకు మూడు రాత్రులు పోయాయి, నీకు పోకూడదు.

ఒక్కో బోర్డు వివరాలు కెర్నల్ కోడ్‌లోనే రాసే బోర్డు ఫైళ్ళ రోజుల్లో బూట్‌లోడర్ ఆర్1 రిజిస్టర్లో మెషీన్ నంబర్ పెట్టి పంపేది, దాన్నిబట్టి ఆ బోర్డు కోడ్ నడిచేది. ఐడిల్ డ్రైవర్ మాత్రం చాలాచోట్ల బూట్‌లో దానంతటదే నడిచే మామూలు ఇనిట్‌కాల్‌, కెర్నల్ ఒక చిప్ కుటుంబానికే బిల్డ్ అయ్యేది గనక ఇబ్బంది రాలేదు. 2012 చివర్లో లినక్స్ 3.7తో ఒకే కెర్నల్ రకరకాల చిప్‌ల మీద బూటవడం మొదలయ్యాక ఆ ఇనిట్‌కాల్ అన్ని బోర్డుల మీదా పరిగెడుతుంది, తనది కాని చిప్‌లో పవర్ రిజిస్టర్ ముట్టుకుందంటే బూట్ అక్కడే ఆగిపోవచ్చు. అందుకే ముందు దాన్ని ప్లాట్‌ఫామ్ డ్రైవర్‌గా మార్చు, అప్పుడు అదే పేరుతో డివైస్ రిజిస్టరైన చోటే నడుస్తుంది. పాత దారిలో బోర్డు ఫైలు ప్లాట్‌ఫామ్ డివైస్‌ని రిజిస్టర్ చేస్తుంది, కొత్త దారిలో చిప్ కోడ్ ట్రీలో చిప్ పేరు చెప్పే కంపాటిబుల్ లైన్ చూసుకుని అదే పేరుతో చేస్తుంది, డ్రైవర్‌ని మొదలుపెట్టే ప్రోబ్ ఫంక్షన్ మాత్రం రెండు దారులకీ ఒక్కటే. ఐడిల్ డ్రైవర్ కోసం ట్రీలో విడిగా నోడ్ పెట్టకురా, అది హార్డ్‌వేర్ కాదు. స్టేట్‌ల లేటెన్సీలు, అంటే కోర్ పడుకోవడానికి, లేవడానికి పట్టే సమయాలు, చిప్ గుణాలు, వాటికి ఐడిల్-స్టేట్స్ నోడ్ ఉండనే ఉంది.

నాకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. లేటెన్సీలన్నీ పాత టేబుల్ నుంచి జాగ్రత్తగా ఎక్కించాను. బూట్ అయింది, కాసేపటికి బిగుసుకుపోయింది. సీరియల్ కన్సోల్లో ఏదో కీ నొక్కితే కాస్త కదులుతుంది, మళ్ళీ ఆగిపోతుంది. క్లాక్ అనీ కేబుల్ అనీ ఎన్ని వెతికానో! చివరికి చూస్తే, పాత డ్రైవర్లో ఆ లోతైన స్టేట్‌కి టైమర్ ఆగిపోతుందని చెప్పే ఫ్లాగ్ ఉంది, ట్రీలో దానికి బదులు రాయాల్సిన లోకల్-టైమర్-స్టాప్ నేను రాయలేదు. కోర్ పడుకున్నప్పుడు దాని టైమరూ పడుకుంటుంది, కెర్నల్‌కి ఆ సంగతి తెలియదు గనక కోర్ పడుకున్నా ఆగని బ్రాడ్‌కాస్ట్ టైమర్‌కి మారదు, ఇంకేదైనా ఇంటరప్ట్ వచ్చి లేపేదాకా అంతే. ఒక్క లైన్ రా!

నువ్వు సంఖ్యల కంటే ముందు ఫ్లాగులు పోల్చుకో. బూట్ అయ్యాక కెర్నల్ లెక్కలు చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఒక్కో స్టేట్ యూసేజ్ పెరుగుతోందో లేదో చూడు, సున్నా దగ్గరే ఉంటే నీ టేబుల్, ట్రీ రెండూ నాకు పంపు, రాత్రి పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.

నీ
రవి