ముగ్గు గీసే ప్రాజెక్టును పక్కన పెట్టకండి

సంపాదకులకు,

ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుల కాలం ఇది. అటెండెన్స్ సిస్టమ్, లైబ్రరీ మేనేజ్‌మెంట్, ముఖం చూసి తెరుచుకునే తలుపు అంటూ డబ్బు పెడితే బైండింగుతో సహా చేతికొచ్చే సరుకుకు లోటు లేదు. దాని పక్కనే ఏ విద్యార్థో వెబ్ కోడు, యంత్రం, బొమ్మ కలిపి ఓపెన్ సోర్స్‌లో (ఎవరైనా చూసి, మార్చి, వాడుకునే కోడుతో) సొంతంగా చేసిన పని తెస్తే, ‘ఇది ఆర్టు కదా, ఇంజినీరింగ్ ఏముంది?’ అనే ప్రశ్న వస్తుంది. బొమ్మలు గీసే కోడుకు ప్రపంచమంతా వాడుతున్న ‘ప్రాసెసింగ్’ అనే సాఫ్ట్‌వేర్‌ను 2001లో మొదలుపెట్టిన కేసీ రీస్, బెన్ ఫ్రై అప్పటికి ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్ విద్యార్థులే. దాన్ని బ్రౌజర్‌కు తెచ్చిన పి5.జెఎస్ లారెన్ మెకార్తీ అనే కళాకారిణి మొదలుపెట్టింది. వాళ్లను ఎవరూ ఆ ప్రశ్న అడిగి ఆపలేదు.

ఇంజినీరింగ్ ఎక్కడుందో చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు: బ్రౌజర్‌లో ముగ్గు, దాన్నే కాగితం మీద గీసే పెన్ ప్లాటర్.

‘ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు సందు చుక్క’. ఇంట్లో చెప్పే ఈ ముక్కలోనే స్పెసిఫికేషన్ అంతా ఉంది. వరసలు 4, 5, 6, 7, 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. చుక్కల మధ్య దూరం 40 పిక్సెళ్లయితే వరసల మధ్య 34.64 ఉండాలి, అంటే 40ని 0.866తో గుణించాలి. ఒక్కో వరస 20 పిక్సెళ్లు పక్కకు జరగాలి. చాలామంది అడ్డానికీ నిలువుకీ 40 ఇచ్చేస్తారు, ఆరు రేకుల పువ్వు నిలువునా సాగిపోతుంది. వాకిట్లో ముగ్గు పెట్టే చెయ్యి ఈ తప్పు చేయదు, సందు చూసి చుక్క పెడుతుంది కాబట్టి.

మెలికల ముగ్గు ఇంకా గట్టిది. ఎదురు చుక్కలు నాలుగు వరసలు, వరసకు ఐదు పెట్టి, పక్కపక్క చుక్కల మధ్య ప్రతిచోటా గీతలు దాటుకునేలా తిప్పితే చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో ముగుస్తుంది. నాలుగుకు నాలుగైతే నాలుగు వేరువేరు గీతలు పడతాయి, ఆరుకు నాలుగైతే రెండు. ఆ సంఖ్య వరసల, నిలువుల గ.సా.భా. మాత్రమే! ప్లాటర్‌కు దీని అర్థం పెన్ను ఎన్నిసార్లు లేవాలి అన్నది. తమిళుల ముగ్గు అయిన కోలాన్ని గ్రామర్లతో, అంటే బొమ్మను కట్టే నియమాలతో, వర్ణిస్తూ గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ 1974లోనే పరిశోధన పత్రం అచ్చువేశారు. కంప్యూటర్ సైన్సు వాళ్లకు ఇది పరాయి సరుకేమీ కాదు.

ఇక యంత్రం. ఆర్డునో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, దాని మీద మోటారు డ్రైవర్లు కూర్చే సీఎన్‌సీ షీల్డు, స్టెప్పు స్టెప్పుగా తిరిగే రెండు స్టెప్పర్ మోటార్లు, పెన్ను ఎత్తడానికి సర్వో అనే చిన్న మోటారు, లోపల జి-కోడ్ (యంత్రానికి ఇచ్చే కదలిక ఆదేశాలు) చదివి మోటార్లను నడిపే జిఆర్‌బిఎల్ ఫర్మ్‌వేర్. మోటారు చుట్టుకు 200 స్టెప్పులు, డ్రైవర్ ఒక్కోదాన్ని 16 భాగాలు చేస్తుంది, 20 పళ్ల పుల్లీ, పన్నుకూ పన్నుకూ 2 మిల్లీమీటర్ల దూరం ఉన్న బెల్టును చుట్టుకు 40 మిల్లీమీటర్లు లాగుతుంది. 3200ను 40తో భాగిస్తే మిల్లీమీటరుకు 80. ఫర్మ్‌వేర్‌లో ముందే ఉండే విలువ 250. అది మార్చకపోతే 100 మిల్లీమీటర్లు కదలమంటే 312 దాటి పోయి ఫ్రేముకు కొట్టుకుంటుంది. సర్వో దగ్గర మరో చిక్కు: దానికి సెకనుకు 50 పల్సులు కావాలి, అసలు జిఆర్‌బిఎల్‌లో స్పిండిల్ (కోత మోటారు) కోసం ఉంచిన పిన్ను సుమారు 1000 ఇస్తుంది. అందుకే సర్వో కోసం సవరించిన రూపం వేయాలి, లేదా ఆ టైమర్‌ను సొంతంగా సవరించాలి. సర్వోకు కరెంటు ఆర్డునో 5 వోల్టుల పిన్ను నుంచే ఇస్తే పెన్ను లేచినప్పుడు బోర్డు రీసెట్ అయి గీత మధ్యలో ఆగిపోవచ్చు. విడిగా 5 వోల్టుల సప్లై ఇచ్చి గ్రౌండ్లు కలపాలి. బ్రౌజర్ నుంచి జి-కోడ్ మొత్తం ఒకేసారి కుమ్మరించకూడదు. బోర్డు బఫర్ 128 బైట్లే. ఒక లైను పంపి ‘ఓకే’ వచ్చాక ఇంకోటి పంపాలి, లేకపోతే ముగ్గు మధ్యలో గీతలు మాయమవుతాయి.

ఒక తప్పు మాత్రం ముగ్గులో దాక్కుంటుంది. బ్రౌజర్‌లో గీతల బొమ్మలకు వాడే ఎస్‌వీజీ ఫార్మాట్‌లో వై అక్షం కిందికి పెరుగుతుంది, యంత్రంలో పైకి. ముగ్గు ఎటు చూసినా ఒకటే కాబట్టి తేడా తెలియదు. అదే యంత్రంతో ‘శ్రీ’ రాయించండి, తలకిందులై క్రావడి (ర ఒత్తు) పైన వేలాడుతుంది. కాగితం ఎత్తులోంచి వై విలువ తీసేస్తే సరి. క్రావడి అసలు సరిగ్గా రావాలన్నా పనుంది: ‘శ్రీ’ అంటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు కోడ్ పాయింట్లు (కంప్యూటర్ ఒక్కో గుర్తుకు వాడే సంఖ్యలు). ఒక్కొక్కటి విడిగా గీసే లైబ్రరీ ఒత్తును కిందికి చేర్చదు. హార్ఫ్‌బజ్ లాంటి, ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చే షేపింగ్ ఇంజిన్ గుండా పంపి, అప్పుడు పాత్‌గా (పెన్ను నడిచే గీతగా) మార్చాలి. ఫాంటులో ఉండేది అక్షరం అంచు కనుక పెన్ను జంట గీత గీస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

లైసెన్సు సంగతి. కోడు అందరికీ కనబడేలా పెట్టినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు. లైసెన్సు ఫైలు లేకపోతే హక్కులన్నీ రాసినవాడివే, ఇంకెవరూ ముట్టుకోకూడదు. జిఆర్‌బిఎల్ జీపీఎల్ 3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సులో ఉంది, మార్చి పంచితే ఆ మార్పుల సోర్సు కూడా ఇవ్వాలి. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సువి, ప్రాజెక్టులో నిశ్చింతగా వాడుకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. ముగ్గు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, వాళ్లు సరేనంటే, పేరు రాయడానికి ఏ లైసెన్సూ అడ్డురాదు.

విశ్వవిద్యాలయాలను కోరేది రెండే. రికార్డు పేజీలు లెక్కపెట్టే బదులు గిట్ లాగ్ (కోడు ఎప్పుడెప్పుడు ఎలా మారిందో చూపే చిట్టా) తెరిచి చూడండి. నాలుగు నెలల పని చివరి రోజు ‘ఫైనల్’ అనే ఒక్క కమిట్‌గా (ఒక్క నమోదుగా) వచ్చిందంటే అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నట్టే. రెండోది వైవా. ‘తొమ్మిది చుక్కలు, ఐదు వచ్చేవరకు సందు చుక్క’ అని చెప్పి, అక్కడికక్కడే కోడు మార్చమనండి. తెర మీద 61 చుక్కలు రావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్